సైలెన్సర్ గొట్టంలో గొంతు

ముదిగుబ్బ దగ్గర షెడ్డులో మెకానిక్ ఓబులేసు రాత్రిపూట ఒంటరిగా పాత పడవ ఇంజను సైలెన్సర్ గొట్టంలో మసి గీకుతున్నాడు. డ్యాములో మునిగిపోయిన పడవలోని ఇంజను అది. తోటకు నీళ్లు తోడుకుందామని ఒక రైతు కొని తెచ్చాడు.

ఉన్నట్టుండి గొట్టంలోంచి సన్నగా గొంతు వినిపించింది.

"అన్నా, నీళ్లొస్తాండాయి. బయటికి లాగన్నా."

టార్చి వేసి చూస్తే గొట్టం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖాళీ.

"ఎవరప్పా? యాడుండావు?"

"ఈడే. మెడదాకా వచ్చినాయి."

ఓబులేసు కటింగ్ మిషన్ పెట్టి గొట్టాన్ని నిలువునా కోశాడు. లోపల పొడి మసి తప్ప ఏమీ లేదు.

"యాడుండావో చెప్పప్పా, లాగుతా!" అని అరిచాడు.

బుడగల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది.

తర్వాత ఇంజను అడుగు నుంచి ఒక పసిగొంతు వచ్చింది.

"మామా, మా నాయన పలకడంల్యా."