సాహెబ్ చెయ్యి

భీమయ్య బోరు మోటరు నాలుగు రోజుల్లో రెండోసారి కాలిపోయింది.

గద్వాల పక్కన ఎర్ర చెల్కలో రెండెకరాల సీడు పత్తి అతనిది. సరిగ్గా క్రాసింగ్ రోజులు. మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు అద్దే వేళ నేలలో తడి లేకపోతే పిందె నిలవదు. పిందె రాలితే ఇంటిల్లిపాది బతుకూ గాల్లో దీపమే.

వాన మొహం చాటేసి ఇరవై రోజులైంది.

మోటరును పైకి గుంజి గట్టు మీద పడేశారు. భీమయ్య దాని పక్కనే తల పట్టుకుని కూలబడ్డాడు.

"ఇమామ్ సాహెబ్ ఉంటే నాకు గీ గతి పడుతుండెనా? ఐదేండ్ల కింద తీగ చుట్టి ఇచ్చిండు. మొన్నటిదాంక ఒక్క దినం మొరాయించలే. అది సాహెబ్ చెయ్యి!"

గద్వాల బస్టాండు వెనక సాహెబ్ వైండింగ్ షాపు తెలియని రైతు లేడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని షాపు ముందు దర్జాగా కూర్చునేవాడు. కాలిన తీగను వేళ్లతో తడిమి మోటరు రోగం చెప్పేసేవాడు.

ఆ సాహెబ్ ఎండాకాలంలోనే కన్నుమూశాడని, షాపుకు తాళం పడిందని భీమయ్యకు మొన్ననే తెలిసింది. దిక్కుతోచక ఇంకో షాపులో చుట్టించాడు. అది కాస్తా ఇట్లా అయింది.

క్రాసింగ్‌కు వచ్చిన ఆడకూలీలు చుట్టూ చేరారు. వాళ్లలోంచి ఒకామె ముందుకొచ్చింది. వారం నుంచే వస్తోంది, గద్వాల ఆటోలో. పేరు భీమయ్యకు తెలియదు. కూలి మనిషిని సాలు లెక్కతో గుర్తుపెట్టుకుంటారు గానీ పేరు ఎవరు అడుగుతారు!

ఆమె మోటరు పక్కన కూర్చుంది. వైరు కొస పట్టుకుని వాసన చూసింది.

"అన్నా, చుట్టేటప్పుడు తొందరపడి గుంజిన్రు. లోపల తీగ మీది తొడుగు గీసుకపోయింటది. నేను విప్పి సూస్త."

భీమయ్య ఆమె చేతి వైపు చూశాడు. చూపుడువేలి మీద అడ్డంగా నల్లటి కాయ. చుట్టూ పాత గాట్లు.

"ముట్టకు! అది మోటరమ్మా, పువ్వు గాదు."

"పువ్వు కంటె నాజూకుదేం గాదన్నా."

కూలీల పెద్ద ఏసమ్మ కిసుక్కున నవ్వింది. మిగిలినవాళ్లూ నవ్వారు.

భీమయ్యకు చిర్రెత్తింది.

"ఆడోళ్ల వేళ్లయితేనే పువ్వు ఖరాబు గాదని మిమ్మల్ని పిలిచిన. మోటరు పని మొగోళ్లది. సాహెబ్ అసుంటోళ్లది. ఎవరి పని వాళ్లు చేయాలె!"

ఆమె తల వంచుకుంది. కొంగుతో కళ్లొత్తుకుంది. ఎండ తగిలిందేమో అనుకున్నాడు.

"నీళ్లు లేవు, పని లేదు. రేపటి సంది రాకుండ్రి," అని అందరినీ పంపేశాడు.

ఆటో ఎక్కేముందు ఆమె వెనక్కి తిరిగింది. ఏడ్చే పసిబిడ్డను వదిలిపోతున్నట్టు మోటరు వైపే చూసింది.

మోటరు చుట్టినవాడు ఫోన్లో తప్పు కరెంటుదన్నాడు. ఇంకో షాపువాడు వారం పడుతుందన్నాడు. సాయంత్రానికి పిందెలు రాలడం మొదలైంది. సీడు కంపెనీ మనిషి విజయ్ వచ్చి చూసి పెదవి విరిచాడు.

"రెండు దినాలల్ల తడి పెట్టకుంటే ప్లాటు పోయినట్టే భీమన్నా. నా చేతుల ఏం లేదు."

మర్నాడు పొద్దున భీమయ్య మోటరును ట్రాలీ ఆటోలో వేసుకుని గద్వాల వెళ్లాడు. తాళం వేసి ఉంటుందని తెలిసీ సాహెబ్ షాపు ముందే ఆపించాడు. మునిగేవాడికి గడ్డిపోచ ఆధారం. పక్క చాయ్ కొట్టు సల్మాన్ చేతులు పట్టుకున్నాడు.

"సాహెబ్ కాడ పని నేర్సుకున్నోళ్లు ఎవరన్న ఉన్నరా బిడ్డా? నీ కాళ్లు మొక్కుత."

"ఒక్కరే కాకా. షాహెదమ్మ. ఆయన భార్య."

"ఆడమనిషా?"

"షుగరుతోని సాహెబ్‌కు కండ్లు పోయి ఎనిమిదేండ్లాయె. బయటపడితే గిరాకీ పోతదని నల్లద్దాలు పెట్టుకొని ముందర కూసునేటోడు. పరదా ఎనక చుట్టేది ఆమెనే."

భీమయ్య వేళ్ల మీద లెక్కేశాడు. అతను మోటరు చుట్టించుకున్నది ఐదేళ్ల కిందట.

"ఆయన పోయినంక గూడ ఆమె కొన్ని దినాలు షాపు తెరిసి కూసుంది. వచ్చినోళ్లంత మొగోడు లేడా అని అడిగి మర్లిపోయిండ్రు. ఒక్కలు మోటరు దింపలే. ఆఖరుకు తాళమేసింది."

"ఇప్పుడు ఏడుంది?"

"ఇయ్యాల పొద్దుగాల్నే బెంగళూరు పోయింది. ఎవరో మేస్త్రి ఎంట, బిల్డింగులకాడ కంకర మోసెటందుకు. అడ్రసు తెల్వదు. ఫోను సాహెబ్‌దే ఉండె, అదీ బంద్."

"నేను పోత. ప్రతి బిల్డింగు తిరిగి ఎతుకుత. ఆమె ఎట్లుంటదో చెప్పు బిడ్డా, గుర్తుపడత."

సల్మాన్ తన చూపుడువేలు చాపి, దాని మీద అడ్డంగా గీత గీసి చూపించాడు.

"గుర్తువట్టుడు సులువే కాకా, తీగ గుంజి గుంజి గీడ నల్లగ కాయ గాసింది."