పట్టిక దాటిన వేడి

"ఈ లెక్క మీద నేను సంతకం పెట్టలేను సార్" అంది పైపుల ఇంజనీరు.

మేనేజరు కుర్చీలోంచి లేవలేదు. గొంతు పెంచనూ లేదు. కొలిమి నుంచి వేడి గ్యాసు మోసే పాత పైపు వంగిపోతే దించేశారనీ, కొత్తది వేసేదాకా ఫ్యాక్టరీలో ఒక్క మనిషికీ పని లేదనీ, అన్నీ తెలిసి కూడా ఆమె పేచీ పెట్టడం ఏం బాగాలేదనీ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

ఆమె పేచీ ఒక్కటే. కొత్త పైపు తొమ్మిదివందల యాభై డిగ్రీల దగ్గర పనిచెయ్యాలి. ఆ లోహం ఎంత వేడిలో ఎంత భారం ఓర్చుకుంటుందో చెప్పే పట్టిక ఎనిమిది వందలు దాటగానే ఆగిపోయింది. అంత వేడిలో లోహం ఠక్కున విరగదు. ఎర్రగా కాలుతూ, తన బరువుకి తనే కొంచెం కొంచెం సాగిపోతుంది. ఎన్నాళ్ళకి చీలుతుందో కూర్చుని ఊహిస్తే తేలదు. ఒక ముక్కకి బరువు వేలాడదీసి, కొలిమిలో పెట్టి నెలల తరబడి కనిపెట్టుకుని ఉండాలి.

"పట్టికలో చివరి అంకె తీసుకుని సగం చేసెయ్యి" అన్నాడు మేనేజరు.

"సగమే ఎందుకు సార్? పావు ఎందుకు కాకూడదు?"

ఆయన గోడమీది కేలండరు వంక చూశాడు. వారం చివరికల్లా ఆమెకి నచ్చిన అంకె వెతుక్కోమన్నాడు. దొరక్కపోతే ఆ సంతకమేదో ఇంకొకరు పెడతారన్నాడు.

సాయంత్రం ఆమె అక్కగారింటికి వెళ్ళింది. బావ ఆ ఫ్యాక్టరీలోనే కొలిమి ఆపరేటరు. పని ఆగిపోయాక ఇంట్లో పాడైన వస్తువులన్నీ బాగుచేసేసి, ఇప్పుడు బాగున్నవాటి జోలికి వచ్చాడని అక్క మొత్తుకుంది. ఆ పూట ఫ్యాను వంతు. రెక్కలన్నీ నేలమీద పరిచి మధ్యలో కూర్చున్నాడు.

"ఏం మరదలా, అంతా నీ సంతకం దగ్గరే ఆగిందట కదా. మావాళ్ళు నన్ను దుమ్ము దులిపేస్తున్నారు" అన్నాడు.

"ఆ పైపు కింద నడిచేది ఎవరు బావా?"

"నేనే. ప్రతి షిఫ్టులోనూ. మీటర్లన్నీ అటువైపే ఉన్నాయిగా."

"అదే మరి."

బావ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "అయితే నిదానంగానే చూడు" అన్నాడు. అక్క విప్పిన ఫ్యాను వంక చూసి, మరీ అంత నిదానం వద్దంది.

మర్నాటినుంచి ఆమె ఫోను వదల్లేదు. లోహం తయారుచేసేవాళ్ళు మర్యాదగానే మాట్లాడారు గానీ, ఎనిమిది వందలు దాటితే తమ పూచీ లేదన్నారు. ఒక లేబొరేటరీవాళ్ళు పరీక్ష చేస్తామన్నారు, ఏడాది పైనే పడుతుందన్నారు. ఇంక ఇంతేనేమో అనుకుంటూ గడువు చివరి రోజున లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకం తిరగేస్తుంటే కనబడింది. అదే లోహం. తొమ్మిదివందల యాభై. పక్కనే అంకె.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

ఆ అంకె వేసి చూస్తే లెక్కలో పైపు నిలబడింది. మేనేజరు మొహం విప్పారింది. అందరికీ టీ తెప్పించాడు. ఎవరో పుణ్యాత్ముడు ఎప్పుడో కష్టపడి తేల్చిపెట్టబట్టి ఇవాళ గట్టెక్కామని పొంగిపోయాడు.

ఆమె కలం తీసి మూత విప్పింది. మళ్ళీ పెట్టేసింది. ఆ ముక్కని కొలిమిలో ఎన్నాళ్ళు ఉంచి చూశారో పుస్తకంలో లేదు. ఆ ఒక్కటీ కనుక్కుంటే మనసు కుదుటపడుతుందని పుస్తకం కూర్చిన ప్రొఫెసరుకి ఫోన్ చేసింది. అది తమ పరీక్ష కాదనీ, ఒక డిజైన్ కంపెనీ పాత రిపోర్టులోంచి తీసుకున్నామనీ చెప్పి, అప్పట్లో ఆ కంపెనీ నడిపిన పెద్దాయన నంబరిచ్చాడు.

పెద్దాయన నవ్వేశాడు.

"పరీక్ష ఎక్కడిదమ్మా! పట్టిక అయిపోయింది, పని ఆగకూడదు. మా దగ్గర కొత్తగా చేరిన ఇంజనీరు ఒకడుండేవాడు, చిట్టి అనేవాళ్ళం. స్కేలు పెట్టి గ్రాఫులో గీత ముందుకి లాగేశాడు. అంకె ముచ్చటగా వచ్చింది. ఎవరూ అడగలేదు."

"మరి ఆ పైపు నిలబడిందా అండీ?"

"అసలు వేస్తే కదా. ఆ ప్రాజెక్టే మూలపడింది. కావాలంటే చిట్టినే అడుగు, అప్పుడప్పుడూ పలకరిస్తూనే ఉంటాడు. నంబరు రాసుకో."

ఆమె కాగితం ముక్క మీద రాసుకుని ఫోన్ పెట్టేసింది. తలెత్తేసరికి మేనేజరు లెక్కల కాగితాలు పట్టుకుని బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. ఈ అంకెకి పరీక్షే లేదనీ, ఎవరో స్కేలు పెట్టి గీత లాగారనీ ఆమె చెప్పింది. ఆయనకి చిరాకొచ్చింది.

"అచ్చయిన పుస్తకంలో ఉన్న అంకె అమ్మా అది. కింద మనుషులు తిరిగే పైపు గురించి ఏ ఇంజనీరైనా ఆధారం లేకుండా రాస్తాడా? అతని నంబరుందిగా. నా ఎదురుగానే చెయ్యి, నేనే అడుగుతాను."

ఆమె బల్లమీది ఫోను తీసి, కాగితంలో చూసుకుంటూ ఒక్కొక్క అంకే నొక్కింది.

మేనేజరు చొక్కా జేబులో ఫోను మోగింది.