పోలండు పిల్ల పరీక్ష

"టీచరు గారూ, అన్న డూటీకి ఎలిపోనాడు. అన్నం ఒండీసినాం. ఇంకేటి సెయ్యాల?"

వంటింట్లోంచి వచ్చిన ఆ మాటలకు నీలవేణి గుండె గుభేలుమంది. అన్నది వదిన కాదు, అగాతా. పోలండు పిల్ల. ఇంకాసేపట్లో ఫోనులో తెలుగు మాటల పరీక్ష ఇవ్వాల్సిన పిల్ల!

"ఎలిపోనాడు కాదు తల్లీ, వెళ్లిపోయాడు! ఒండీసినాం కాదు, వండేశాం! ఏటి కాదు, ఏమిటి!"

"అక్క అలాగే అంటంది కదేటి?" అంది అగాతా అమాయకంగా.

అక్క అంటే నీలవేణి వదిన అప్పయమ్మ. ఆవిడ గరిట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "గుంటని అలా కసురుతావేటమ్మా? మా పిల్లలు నోరిప్పితే హిందీయే. ఇది సూడు, బంగారంలాగ మాటాడతంది."

"నీ బంగారమే నా కొంప ముంచేలా ఉంది వదినా!"

కొంప మునగడమే మరి. పోలండులో ఒక విశ్వవిద్యాలయంలో నీలవేణి తెలుగు చెబుతుంది. ఈ ఏడు ఆమె తరగతిలో మిగిలింది అగాతా ఒక్కతే. ఈ పిల్ల తప్పిందంటే తెలుగు శాఖకు తాళం, నీలవేణి ఉద్యోగానికి నీళ్లు. అగాతాది గొప్ప చెవి, ఏది విన్నా యాసతో సహా దింపేస్తుంది. సెలవుల్లో తెలుగింట్లో ఉంచితే భాష వంటబడుతుందని తాను పుట్టి పెరిగిన బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి, అన్నయ్య గిరిబాబు క్వార్టర్‌కు వెంటబెట్టుకొచ్చింది. వంటబట్టింది. ఇప్పుడు దాన్ని దులపడమెలాగో తెలియడం లేదు.

పైగా పరీక్ష చేసేది ఎవరు? రాజమండ్రి సుబ్బరామయ్య గారు! నీలవేణిని ఎన్నడూ కలవకపోయినా, గొంతైనా వినకపోయినా ఆమె కథల పుస్తకాలు రెండూ చదివి, "పరాయి దేశంలో ఉండి ఇంత తేట తెలుగా!" అని సభల్లో మెచ్చుకున్న పెద్దమనిషి. ఆయన ముందు ఈ పిల్ల "కదేటి" అందో, పరువు కూడా గంగపాలు.

"ఇదుగో, క్లాసులో నేనెలా మాట్లాడతానో అచ్చం అలా మాట్లాడు. సరేనా?"

అగాతా తలూపింది. ఫోను మోగింది.

బొమ్మ రాలేదు. సుబ్బరామయ్య గారి గొంతు మాత్రం ఖంగుమంది. "మీరెవరూ కనబడటం లేదమ్మా. ఫర్వాలేదు, మాట పరీక్షకు కళ్లతో పనేముంది? ఒకరు ఆ ఊళ్లో పుట్టి పెరిగినవారనీ, ఒకరు కొత్తగా వచ్చినవారనీ ఊహించుకుని మాట్లాడుకోండి. నేను మధ్యలో రాను."

అగాతా వెన్ను నిటారు చేసుకుని కూర్చుంది.

"నేను ఈ ఊరికి కొత్త. మీ కుటుంబం ఇక్కడికి ఎలా వచ్చింది?"

ఏటి లేదు, కదేటి లేదు! నీలవేణికి లేచి గంతులేయాలనిపించింది. ఆ సంబరంలో ఒళ్లు మరిచి అందుకుంది.

"మా తాత టెక్కలి నుంచి వచ్చీసినాడు. పట్టాల పని. నాన్నది లోకో షెడ్‌లో డూటీ. అచ్ఛా, బడి మాత్రం హిందీ బడే!"

"చాలా ఆసక్తికరంగా ఉంది. పండుగలు ఎలా జరుపుకునేవారు?"

"పండగా? ధూమ్‌ధామ్! తీజా పండగొస్తే పక్కింటోళ్లు ఠేఠరీ ఇచ్చీవారు..."

"ఠేఠరీ అంటే ఏమిటో వివరించగలరా?"

"అదేటంటే... బేసన్ కలిపీసి, తిప్పీసి, నూనెలో ఏపీడమే. కరకర! బహుత్ మజా!"

"శనగపిండితో చేస్తారన్నమాట."

"హా, అదే, శనగపిండి!"

ఎప్పుడో క్లాసులో ఒక్కసారి చెప్పిన మాట! సమయానికి ఎలా అందుకుందో చూడు! నీలవేణి కళ్లు చెమర్చాయి. ఇక ఆమెను ఆపడం ఎవరి తరం?

"ఇంజిను కూత ఇనబడితే సాలు, అది మా నాన్న బాగుసేసిందే అని దోస్తులకి సెప్పీదాన్ని. సచ్ మే! ఎవ్వులూ నమ్మీవారు కాదు."

"మీ నాన్నగారి మీద మీకున్న ప్రేమ నా మనసును తాకింది" అంది అగాతా, ఒక్క అక్షరం తొణక్కుండా.

గుమ్మంలో అప్పయమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని నోరెళ్లబెట్టింది.

"చాలమ్మా, చాలు" అన్నారు సుబ్బరామయ్య గారు. నీలవేణి అగాతా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బయట పోతున్న గూడ్సు బండి ఎంతకీ అయిపోవడం లేదు.

"విద్యార్థిని ఉత్తీర్ణురాలైంది."

"పాసయిపోనావే గుంటా!" అని అప్పయమ్మ గరిటతోనే అగాతాను వాటేసుకుంది. అగాతా ఎగిరింది. నీలవేణి నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. శాఖ నిలిచింది, ఉద్యోగం నిలిచింది, పరువు దక్కింది!

"ఉండండమ్మా, ఇంకో మాట" అంటున్నారు సుబ్బరామయ్య గారు. "నీలవేణి గారూ, మీ కథల్లాగే మీ మాట కూడా ఎంత తేటగా ఉందండీ! మీ పోలండు అమ్మాయి మాత్రం, తాతది టెక్కలి అంటూ భలే కల్పించింది గానీ, తెలుగు ఇంకా చాలా నేర్చుకోవాలి సుమండీ!"