ఇంట్లో వాళ్లందరికీ

నంద్యాలలో డాక్టరు గది నుంచి బయటికొచ్చిన లూదియా టీచర్ గోడకానుకుని పగలబడి నవ్వింది.

తోడు వచ్చిన యెషయా సార్ బెదిరిపోయాడు. ఆళ్లగడ్డలో ఇద్దరిదీ ఒకే బడి. కడుపునొప్పితో, వాంతులతో నాలుగు నెలలుగా ఆమె చిక్కి సగమైంది. వాళ్లమ్మ కడుపులో క్యాన్సర్‌తోనే పోయింది. అందుకే పరీక్షలంటే ఆమెకు వణుకు. ఈ రోజు ఆయనే పట్టుబట్టి బస్సెక్కించాడు.

"ఏమన్న్యాడు టీచర్?"

"పురుగులంట సార్! కడుపులో ఏలికపాములంట! మలపరీక్షలో వాటి గుడ్లు కనపడినాయంట. ఇంకే రోగమూ ల్యాదంట!"

వరండాలో జనమంతా తిరిగి చూశారు. ఆమె పట్టించుకోలేదు. "ఉత్త పురుగులే సార్!" అని మందుల షాపు దాకా అంటూనే నడిచింది. ఆయనకూ నవ్వు ఆగలేదు.

షాపులో ఆమె రెండు మాత్రలు కొనింది.

"రెండెందుకు?"

"ఇంట్లో వాళ్లందరూ తలా ఒకటి నమలాలంట."

"మీ ఇంట్లో ఉండేది మీరొక్కరే కదా?"

లూదియా నవ్వు ఆపింది.

"పోయిన నెల మీరు పెండ్లి మాటెత్తితే వద్దంటి. ఇష్టం లేక కాదు. చచ్చేదాన్ని కట్టుకోని మీరేం సుఖపడతారని."

ఒక మాత్ర తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఇన్నేళ్లుగా సార్ అని పిలిచిన నోటితోనే అడిగింది.

"ఇప్పుడు చెప్పప్పా, నమలుతావా?"

యెషయా నీళ్లు కూడా అడక్కుండా, ఆ షాపు ముందే, కరకరా నమిలేశాడు.