ఆధారపడినవాళ్ల గడి

పన్ను రిటర్ను కాగితంలో తల్లి పేరు మీద ఎర్ర ఇంకుతో అడ్డంగా ఒక గీత. అది చూడగానే ఫర్నిచర్ షాపు మేనేజరుకు ఒళ్లు మండిపోయింది. గంటన్నర సేపు ప్లాస్టిక్ కుర్చీలో వంతు కోసం కూర్చుని, జిరాక్స్ మిషన్ వేడిగాలి మొహానికి కొడుతున్నా ఓర్చుకుని ఆడిటరు గదిలోకొస్తే, చివరికి చేతికందింది ఇదీ.

"ఇదేంటి మేడమ్, మా అమ్మ పేరు కొట్టేశారేంటి?"

ఆడిటరు కళ్లజోడు సర్దుకుంది. యాభై దాటిన మనిషి. రిటర్నులకు రేపే ఆఖరి రోజు కావడంతో బల్ల మీద ఫైళ్లు ఆమె భుజాల దాకా పేరుకుని ఉన్నాయి. మీ మీద ఆధారపడినవాళ్ల గడిలో మీ అమ్మగారి పేరు రాయడం కుదరదనీ, కాబట్టి ఆవిడ మందుల ఖర్చుకు వచ్చే పన్ను మినహాయింపు కూడా మీకు రాదనీ ఉన్నమాట చెప్పేసింది.

మినహాయింపు పోతే పోయింది, దాని కోసం ప్రాణం పెట్టే రకం కాదతను. అతని మంట వేరు. నిన్ననే అక్క ఫోన్ చేసి, అమ్మను నువ్వు చూసుకుంటున్నది చాల్లే, ఈ నెలాఖరుకి నేనొచ్చి తీసుకుపోతాను అంది. తల్లిని పోషిస్తున్నది తనేనని సర్కారు కాగితం మీద రాయించి, దాన్ని అక్క మొహాన పడేసి, ఆమె నోరు మూయించాలని ఇతని పట్టుదల. రోజూ సాయంత్రం తన తాళం తనే తీసుకుని, అమ్మ లేని ఇంట్లోకి అడుగుపెట్టడం తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడుతోంది.

"తినేది నా ఇంట్లో, ఉండేది నా ఇంట్లో. నా మీద కాకపోతే ఎవరి మీద ఆధారపడినట్టు? మీ మీదా?"

ఆడిటరు నొచ్చుకోలేదు. ఏటా ఈ రోజుల్లో ఇలాంటి కేకలు వినీ వినీ ఆమెకు అలవాటైపోయింది. సొంత సంపాదన ఒక హద్దు దాటినవాళ్లను ఆ గడిలో రాయకూడదని మాత్రం అంది.

అతనికి నవ్వొచ్చింది, కోపం ముదిరితే వచ్చే నవ్వు. అమ్మకు సంపాదన! అరవై నాలుగేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులతో గడప దాటదు. మధ్యాహ్నాలు తలుపేసుకుని ఫోన్‌లో కబుర్లు చెప్పుకోవడం తప్ప ఇంకో వ్యాపకం లేదు. ఒకటో తారీకున తను చేతిలో పెట్టే డబ్బుతోనే అద్దె దగ్గర్నుంచి గ్యాస్ దాకా ఇల్లంతా నడుస్తోంది. ఆరేళ్లుగా ఇస్తున్నది అంతే. పైసా పెంచమని అమ్మ అడిగిన పాపాన పోలేదు.

అదంతా బల్ల గుద్ది మరీ చెప్పాడు. ఆ దెబ్బకు స్టేప్లర్ ఎగిరి కింద పడింది. గాజు తలుపు అవతల కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

"అంటే పన్ను ఎగ్గొట్టడానికి తల్లిని అడ్డం పెట్టుకుంటున్నానంటారా?"

"నేనలా అనలేదండీ."

"మరేమంటారు? మా అమ్మ సంపాదన సంగతి నాకంటే మీకు బాగా తెలుసా?"

ఆడిటరు వంగి స్టేప్లర్ తీసి బల్ల మీద పెట్టింది. ఒకరి కాగితాల సంగతి ఇంకొకరికి చెప్పే అలవాటు తనకు లేదనీ, ఇంటికెళ్లి అమ్మగారినే నిదానంగా అడగమనీ అంది. కోపంతో ఊగిపోతున్నవాడికి నిదానం అన్న మాట ఎక్కడ రుచిస్తుంది? అసలు ఈ ఆఫీసు అడ్రసు చెప్పి పంపింది అమ్మే. ఆవిడ చాలా ఓపిగ్గా చూస్తుందిరా అంటే నమ్మి వచ్చాడు. ఆ ఓపిక సంగతి అమ్మకెలా తెలుసని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ తోచలేదు.

ఇంటిదాకా ఎందుకు, ఇక్కడే తేల్చేద్దాం అంటూ ఫోన్ తీశాడు. స్పీకర్ పెట్టి, ఫైళ్ల మధ్య చోటు చేసుకుని బల్ల మీద ఉంచాడు.

చాలాసేపు మోగాక గానీ తల్లి ఎత్తలేదు. ఎత్తుతూనే, "పిల్లలూ, ఆ మూడో లెక్క చేస్తూ ఉండండి, ఇప్పుడే వస్తా" అని ఎవరితోనో అంది. పక్కింటి పిల్లలు వచ్చి ఉంటారనుకున్నాడు.

"అమ్మా, ఆడిటర్ మేడమ్ దగ్గరున్నాను. మన ఇల్లు ఎవరు నడుపుతున్నారో నీ నోటితో చెప్పు. ఈవిడ నమ్మట్లేదు."

అటునుంచి తలుపు దగ్గరికేసిన చప్పుడు వినిపించింది.

"నువ్వేరా నాన్నా," అంది తల్లి. "ఇంకెవరున్నారు?"

అతని ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఇప్పుడేమంటారు అన్నట్టు చూశాడు. ఆడిటరు చూపు తిప్పుకుని కిటికీలోంచి వీధిలోకి చూడసాగింది. ఫోన్ ఒకసారి మేడమ్‌కి ఇవ్వరా, నీ తరఫున నేను మాట్లాడతాను అంది తల్లి. ఇంకేం కావాలి? ఫోన్‌ను ఉన్నపళంగా ఆడిటరు ముందుకు తోసి, చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. స్పీకర్ తీసేయాలన్న ధ్యాసే లేదు.

తల్లి గొంతు తగ్గించింది.

"మేడమ్, వాడికి వినపడనీయకండి, పిచ్చి సన్నాసి, మనసు కష్టపెట్టుకుంటాడు. మొన్న నా ట్యూషన్ల రిటర్ను ఇచ్చాను కదా, అందులో నా మీద ఆధారపడినవాళ్ల గడిలో మావాడి పేరు ఎక్కించారా?"