మెట్ల మలుపు

"ఎత్తు... ఇంకాస్త ఎత్తు... ఆగాగు! గోడకి రాసుకుంటోంది!"

రోలండ్ అరుపుకి కింది మెట్టు మీదున్న తమ్ముడు క్లెమెంట్ ఆగిపోయాడు. ఆ ఇంటి రాతిమెట్లు పొగగూటి చుట్టూ పాములా మెలితిరిగి దిగుతాయి. ఒంటరిగా దిగే మనిషే భుజం పక్కకి తిప్పుకోవాలి. అంత బరువుతో మలుపు తిరగడం ఎవరి తరం? బండితో వచ్చిన ఇద్దరూ సాయం పట్టినా లాభం లేకపోయింది. మళ్లీ పడమటి గదిలోకే చేర్చారు.

క్లెమెంట్ చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

"ఈ ఇల్లు కట్టినవాడి బుర్రకి దండం పెట్టాలి. ధాన్యపు కొట్టానికేమో గడ్డిబండి నిండుగా దూరిపోయేంత తలుపు. గిడ్డంగిలో బస్తాలకి కప్పీ, మోకూ. మనుషులుండే చోట మాత్రం ఎలుక కన్నం!"

"ముందు గొంతు తగ్గించు."

"ఎందుకు తగ్గించాలి? తిన్నటి మెట్లు కట్టిద్దామని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! నాన్న వింటేనా? పైగా పురాతన కట్టడమని ముద్ర వేయించి అందరి చేతులూ కట్టేశాడు."

"ఇవాళ కూడా నాన్ననే ఆడిపోసుకుంటావా?" అన్నాడు రోలండ్.

చెల్లెలు మెరియెల్ టీ కప్పులతో వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. కిటికీలోంచి దింపుదామంటే నడుమ రాతి కమ్మీ అడ్డం. అది తీయాలంటే కట్టడాల ఆఫీసు వాళ్లు ఒప్పుకోవాలి. రోలండ్ కిందికెళ్లి ఫోన్ తిప్పాడు.

"హై ఫోల్డ్ ఇంటి నుంచి రోలండ్ థ్వెయిట్‌ని మాట్లాడుతున్నానండీ. పై కిటికీలో ఒక్క కమ్మీ తీసి, సాయంత్రానికల్లా మళ్లీ పెట్టేస్తాం."

"కుదరదు," అన్నాడు ఆఫీసరు పికర్స్‌గిల్. "ఆ రాయి మీ తాతముత్తాతల కంటే పాతది. పోనీ మెట్లమీంచే దింపుకోండి."

"మలుపు తిరగట్లేదండీ."

"మరి పైకెలా ఎక్కింది?"

"అప్పుడు ఖాళీది. నిలబెట్టి ఎక్కించాం."

"అయితే ఇప్పుడూ ఖాళీ చేసి నిలబెట్టి దింపండి. బీరువాలతో ఇదే గోల మీ అందరికీ!"

రోలండ్ పళ్లు బిగించాడు. ఫోన్ తన వెనకే దిగివచ్చిన మెరియెల్ చేతిలో పెట్టి, బయటికెళ్లి గిడ్డంగి గోడని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"ఖాళీ చెయ్యడం కుదరదండీ," అంది మెరియెల్ మెల్లగా. "నిలబెట్టడమూ కుదరదు."

ఇప్పుడు అవతలి గొంతులో అధికారం లేదు.

"ఏ గదిలో ఉందమ్మా?"

"పడమటి గదిలో."

"అక్కడ తివాచీ ఎత్తి చూడండి. నేల పలకల్లో తలుపు ఉండాలి. తీస్తే తిన్నగా వంటింట్లోకి దారి. ఈ ఇళ్లు కట్టినవాళ్లు దీన్ని మరిచిపోలేదమ్మా. నేనూ వస్తున్నాను."

తివాచీ కింద నిజంగానే ఇనుప కడియాలున్నాయి. తుప్పు పట్టి మొరాయించాయి. క్లెమెంట్ తిట్టుకుంటూ గునపంతో పెకలించాడు. గిడ్డంగి నుంచి మోకులు తెచ్చారు. వంటింట్లో బల్ల పక్కకి జరిపారు. అంతలో పికర్స్‌గిల్ రానే వచ్చాడు. కోటు విప్పి, తనూ ఒక మోకు అందుకున్నాడు.

"నెమ్మదిగా... నెమ్మదిగా..."

ఈసారి ఏ గోడా అడ్డురాలేదు.

కింద వంటింట్లో ఒక్కతే నిలబడి చూస్తున్న మెరియెల్, శవపేటిక నేలను తాకగానే మూత మీద చెయ్యి వేసి, "పద నాన్నా, చర్చిలో అంతా నీకోసమే చూస్తున్నారు," అంది.