వీరభద్రం తుఫాను

బంగాళాఖాతంలో వారానికో తుఫాను పుడుతూండడంతో పేర్లు అయిపోయి, తుఫాను కేంద్రంవారు ఓటర్ల జాబితాలోంచి చీటీ తీసి పేరు పెడుతున్నారు. ఆ వారం ఓడలరేవు వీరభద్రంగారి పేరు వచ్చింది. వీధిలో మైకు పట్టుకుని హెచ్చరించే వంతు ఆయన భార్య పేరిందేవిది. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆవిడ మొగుడి పేరు నోట పలికి ఎరగదు.

"విష్ణుమూర్తికి వెయ్యి పేర్లు సరిపోయాయి కదమ్మా, మీ తుఫాన్లకు చాల్లేదా?" అని కేంద్రంలోని శాస్త్రవేత్త నీలవేణిని ఫోనులో అడిగింది.

"సముద్రం కాగిపోతోంది పిన్నిగారూ. ఇది మామూలుది కాదు, సాయంత్రానికి గాలి రెట్టింపవుతుంది. అందరినీ షెల్టరుకి పంపెయ్యండి."

పేరిందేవి మైకు అందుకుంది. "మా ఆయన ముంచుకొచ్చేస్తున్నారు! అందరూ షెల్టరుకి పదండి!"

వారం వారం హెచ్చరికలు విని విసిగిన వీధి ఘొల్లున నవ్వింది. "రానీండి పిన్నిగారూ, కాఫీ ఇచ్చి కూకోబెడతాం," అంది ఎదురింటి సత్తెమ్మ, చేపలు తోముతూ.

పేరిందేవి అరుగుల మీద ఆడుకుంటున్న పసిపిల్లలను చూసింది. కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుని, "వీరభద్రం వస్తున్నాడు!" అని గొంతు చించుకుని అరిచింది.

నవ్వులు ఆగిపోయాయి.

"అమ్మో, పిన్నిగారే పేరెట్టి పిలిచేశారంటే ఇది ఉత్త తుఫాను కాదర్రా!" అంటూ సత్తెమ్మ పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తింది. వీధంతా ఆవిడ వెనకే కదిలింది.

ఇంట్లోంచి వీరభద్రంగారు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ కంగారుగా బయటికి వచ్చారు.

"వస్తున్నా, వస్తున్నా! ఇంతకీ నేనేం తప్పు చేశానే?"